నక్షీ పనికి పాత తెలుగు మాట ఏంటి?

నగల షాపుల్లో నక్షీ హారం, నక్షీ గాజులు అంటారు కదా, లక్క మీద బంగారు రేకు పెట్టి చిన్న ఉలులతో కొట్టి లక్ష్మీదేవిని, నెమళ్ళని ఉబ్బెత్తుగా పైకి లేపే పని, ఆ మాట గురించి అడుగుతున్నా. అరబ్బీ నక్ష్ నుంచి పారసీ, ఉర్దూ మీదుగా వచ్చిందని అర్థమైంది, నగిషీ కూడా దాని రూపమే. కానీ అక్కడ దానికి చెక్కడం, చిత్రించడం రెండూ అర్థాలే, చేర్యాల బొమ్మలు వేసేవాళ్ళని నకాషీలు అనేదీ అందుకే. ఆన్‌లైన్ నిఘంటువుల్లో వెతికా, తెలిసిన కంసాలి గారినీ అడిగా, ఆయన కూడా నక్షీ అనే అన్నారు. చెక్కడం అంటే లోపలికి తవ్వడం, ఇదేమో పైకి లేపడం, కాబట్టి ఆ మాట సరిపోదు. ఇంత పాత పనికి మనకంటూ ఓ మాట ఉండే ఉంటుందని నా గట్టి నమ్మకం.

ఈ ఉబ్బెత్తు పనిని మీ ఊళ్ళో కంసాలులు ఇంకేదైనా తెలుగు పేరుతో పిలవడం విన్నారా?