మూడు లక్షలు, ఒక ఇల్లు, మొదటి సినిమా: డబ్బు ఎక్కడ పెట్టాలి?

మోతీనగర్_మేడ:
అందరికీ నమస్తే. పగలు హైటెక్ సిటీలో ఉద్యోగం, రాత్రిళ్లు స్క్రిప్టు. 92 పేజీలు వచ్చింది. కొత్తగా పెళ్లయిన జంట, కింద పోర్షన్‌లో ఓనరమ్మ, ఎదురుగా టిఫిన్ బండి, కథంతా అక్కడే జరుగుతుంది. మా పెద్దమ్మ వాళ్ల ఇల్లు ఖాళీగా ఉంది కాబట్టి అక్కడే తీద్దామని. చేతిలో మూడు లక్షలున్నాయి, అప్పు మాత్రం చేయను. కృష్ణానగర్‌లో సినిమా కెమెరా అద్దె అడిగితే లెన్సులతో కలిపి సగం డబ్బు దానికే పోయేలా ఉంది. ఫ్రెండ్ దగ్గర మిర్రర్‌లెస్ కెమెరా ఉంది, ఊరికే ఇస్తానంటున్నాడు. అందరం ఉద్యోగస్తులమే, శని, ఆదివారాలే షూటింగ్. ఏ కెమెరా వాడాలి? డైలాగులు తర్వాత డబ్బింగ్ చెప్పించుకోవచ్చా? నటులు ఎక్కడ దొరుకుతారు? ముందు ఫిల్మ్ కోర్సు చేయమని ఇంట్లో అంటున్నారు, ఆ ఫీజు కడితే సినిమాకి ఏమీ మిగలదు.

బూమ్_పట్టేవాడు:
కెమెరా సంగతి తర్వాత, ముందు సౌండ్ మాట్లాడుకుందాం తమ్ముడూ. నీ కథంతా ఇంట్లో మాటలే కదా, దానికి డబ్బింగ్ వద్దు. కొత్త నటులు ఆ గదిలో, ఆ మూడ్‌లో అన్న మాటని రెండు నెలల తర్వాత మైక్ ముందు నిలబడి మళ్లీ అనలేరు, పెదాలు కలుస్తాయేమో గానీ ప్రాణం ఉండదు. సింక్ సౌండే చెయ్, అంటే షూటింగ్‌లో అన్న మాటని అక్కడే రికార్డ్ చేసుకోవడం. కెమెరా మీద మిగిలే డబ్బుతో ఒక రికార్డర్, మంచి షాట్‌గన్ మైక్ (ఎటు తిప్పితే అటు మాటని పట్టేది), రెండు లేపెల్ మైకులు (చొక్కాకి తగిలించేవి) అద్దెకి తీసుకుని, బూమ్ (మైకు కట్టిన పొడవాటి కర్ర) పట్టడం తెలిసిన మనిషికి రోజుకింత అని ఇవ్వు. ఆ ఖర్చు దగ్గర మాత్రం వెనకాడొద్దు.

రెక్కీకి, అంటే షూటింగ్‌కి ముందు ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు కళ్లు మూసుకుని పది నిమిషాలు కూర్చో. మంజీరా కుళాయి నీళ్లు వచ్చే టైముకి వీధిలో మోటార్లన్నీ ఒకేసారి మోగుతాయి, అది ఎప్పుడో పక్కింటివాళ్లని అడిగి రాసుకో. గోడలు బోసిగా ఉంటే మాట మారుమోగుతుంది, ఫ్రేమ్‌లో పడని గోడలకి బొంతలు, దుప్పట్లు వేలాడదీస్తే చాలా తేడా తెలుస్తుంది. టేక్ ముందు ఫ్యాన్, ఫ్రిజ్ ఆపాలి. బండి తాళం ఫ్రిజ్‌లో పెట్టేయ్, ఇంటికి బయల్దేరేటప్పుడు ఫ్రిజ్ మళ్లీ ఆన్ చేయాలని దానంతటదే గుర్తొస్తుంది. ప్రతి గదిలో ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం ఆ గది నిశ్శబ్దాన్ని రికార్డ్ చెయ్, ఎడిటింగ్‌లో అతుకులు కనపడకుండా కాపాడేది అదే. ఆషాఢం బోనాల ఆదివారాలు, వినాయక చవితి నుంచి నిమజ్జనం దాకా సింక్ సౌండ్ పెట్టుకోకు, ఏ మైకూ నిన్ను కాపాడలేదు.

ఎడిట్_టేబుల్:
సౌండ్ అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. కెమెరాకి ఫ్రెండ్ మిర్రర్‌లెస్ చాలు. సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ స్పీడు 1/50 సెకను పెట్టి వదిలేయండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ షట్టర్‌లో ట్యూబ్‌లైట్లు, ఎల్ఈడీలు మామూలుగా మినుకుమినుకుమనవు. వైట్ బ్యాలెన్స్ (లైటుని బట్టి రంగుల్ని సరిచేసే సెట్టింగ్) ఆటోలో వద్దు, లాక్ చేయండి. ఫోన్‌తో కూడా తీయొచ్చు గానీ ఫోన్ సొంత కెమెరా యాప్‌లో ఫ్రేమ్ రేట్ మధ్యలో మారిపోతూ ఉంటుంది, విడిగా తీసిన సౌండ్ లాంగ్ టేకుల్లో పెదాలతో కలవకుండా జారుతుంది. ఫోనే వాడాల్సి వస్తే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితం, అందులో అన్నీ లాక్ చేసుకోవచ్చు.

ఎడిటింగ్‌కి డావించీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ సరిపోతుంది, 4కే దాకా ఎక్స్‌పోర్ట్ ఇస్తుంది. టైమ్‌లైన్ ఫ్రేమ్ రేట్ మాత్రం ఫుటేజ్ వేయకముందే పెట్టుకోండి, తర్వాత మార్చనివ్వదు. 100 ఎంబీపీఎస్‌లో (సెకనుకి వంద మెగాబిట్లు) తీస్తే గంటకి 45 జీబీ. ప్రతి రాత్రీ రెండు హార్డ్ డిస్కుల్లోకి కాపీ చేసి, రెండూ తెరిచి చూశాకే కార్డు ఫార్మాట్ చేయాలి, ఆ రెండు డిస్కులూ ఒకే ఇంట్లో ఉండకూడదు.

వీకెండ్ షూటింగ్‌లో అసలు ప్రమాదం కంటిన్యుటీ. వారం గ్యాప్‌లో హీరో గడ్డం మారుతుంది, అమ్మాయి చేతి గోరింటాకు వెలిసిపోతుంది, ఎవరో వచ్చి గోడ క్యాలెండర్‌లో నెల తిప్పేస్తారు. సీన్ అవగానే మనుషుల్నీ గదినీ నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసి సీన్ నంబర్‌తో దాచే పని ఒకరికి అప్పజెప్పండి, ఆ మనిషికి ఇంకే పనీ చెప్పకండి.

రంగస్థలం_అక్క:
నటుల గురించి నేను చెప్తాను. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ థియేటర్ ఆర్ట్స్ పిల్లల్ని కలువు, రవీంద్రభారతిలో, లామకాన్‌లో నాటకాలు చూడు, అయిపోయాక వెళ్లి మాట్లాడు. స్టేజీ మీద చివరి వరసకి వినిపించాలి, కెమెరా ముందు పక్కనున్న మనిషికి వినిపిస్తే చాలు, ఆ తేడా రిహార్సల్లో వస్తుంది. కాబట్టి రిహార్సల్స్ ఆ ఇంట్లోనే పెట్టు. వంటింట్లో గిన్నెలు ఎక్కడుంటాయో నటికి తెలిసిపోవాలి. అసలు నటన తెలియనివాళ్లయినా పర్వాలేదు, 2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం'లో ఎక్కువమంది ఆ ఊరివాళ్లే కదా. టిఫిన్ బండి దగ్గర నిజంగా దోసెలు వేసే మనిషినే అడిగి చూడు.

డబ్బులు ఇవ్వలేకపోతే ఆ మాట మొదటిరోజే చెప్పు, కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. ఆటో చార్జీలు, వేళకి భోజనం మాత్రం తప్పకూడదు. రాత్రి ఆలస్యమైతే ఆడపిల్లల్ని ఇంటి గుమ్మం దాకా దింపే బాధ్యత నీదే, దానికి బడ్జెట్‌లో ముందే డబ్బు తీసిపెట్టు.

నల్లకుంట_నుంచి:
నేను వేరేలా అంటాను. 92 పేజీలంటే గంటన్నర సినిమా. రోజుకి నాలుగు పేజీలు తీసినా 23 రోజులు, అంటే పన్నెండు వీకెండ్లు, అందులో ఎవరికో జ్వరం, ఎవరి ఇంట్లోనో పెళ్లి, ఎప్పుడో వాన. ముందు ఎనిమిది పేజీల సీన్ ఒకటి షార్ట్ ఫిల్మ్‌లా తీసి, ఎడిట్ చేసి, సౌండ్ మిక్సింగ్ దాకా తీసుకెళ్లు. కోర్సు ఫీజు కట్టకుండానే చాలా నేర్చుకుంటావు.

రోడ్డు సీన్లకి సంక్రాంతి మూడు రోజులు చూసుకో, సిటీ సగం ఖాళీ అయిపోతుంది, కాకపోతే నీ నటులు కూడా ఊరెళ్లిపోతారు, ముందే అడుగు. చార్మినార్, గోల్కొండ ఆర్కియాలజీ వాళ్ల కింద ఉన్నాయి, అనుమతి లేకుండా కుదరదు, మెట్రోకీ అంతే. నీ కథకి అవి అక్కర్లేదు కాబట్టి వదిలేయ్. ఇంట్లో టీవీలోంచి సినిమా పాట వినిపించే సీన్ ఉంటే ఇప్పుడే స్క్రిప్టులోంచి తీసేయ్, హక్కులు కొనలేవు, యూట్యూబ్‌లో పెడితే కాపీరైట్ క్లెయిమ్ వస్తుంది. థియేటర్లో వేయాలంటే సెన్సార్ సర్టిఫికెట్ కావాలి, ఆఫీసు ఇక్కడే ఉంది, ఆ ఖర్చు వేరే పెట్టుకో.

రంగస్థలం_అక్క:
ఎనిమిది పేజీలు తియ్యి, సరే, కానీ అదే సినిమాలో సీన్ తియ్యి, అదే నటులతో, అదే ఇంట్లో. బాగా వస్తే సినిమాలోనే వాడుకోవచ్చు. షార్ట్ ఫిల్మ్ అని వేరే కథ మొదలుపెట్టి పెద్ద స్క్రిప్టుని అటకెక్కించినవాళ్లు నాకు చాలామంది తెలుసు.

మోతీనగర్_మేడ:
అక్కా, ఓనరమ్మ కొత్త జంటకి అద్దె పెంచుతానని చెప్పే సీన్ సరిగ్గా ఎనిమిది పేజీలే ఉంది, ముగ్గురూ ఉంటారు, దాంతోనే మొదలుపెడతా. ఫ్రెండ్ కెమెరానే. బూమ్ అన్నా, మీకు వీలైతే ఆదివారం ఒకసారి వచ్చి ఇల్లు విని చెప్తారా?

బూమ్_పట్టేవాడు:
వస్తా. నీళ్లు వచ్చే టైము కనుక్కుని మెసేజ్ పెట్టు, సరిగ్గా అప్పుడే వస్తా. ఎంత మోత ఉంటుందో వింటేనే గదులు మార్చాలో టైము మార్చాలో చెప్పగలను. రెండు బొంతలు తెచ్చి ఉంచు.