తెలుగు జవాబు స్ట్రీమ్ అవుతుంటే మధ్యలో � గుర్తులు ఎందుకు?

ప్రశ్న:
సొంత సర్వర్‌లో ఒక భాషా మోడల్ నడుపుతున్నాను. జవాబు తయారవుతుంటేనే ఒక్కో టోకెన్‌నీ (మోడల్ ఒక్కోసారి ఇచ్చే మాట ముక్క) డీకోడ్ చేసి, అంటే అక్షరాలుగా మార్చి, బ్రౌజర్‌కి పంపుతున్నా. ఇంగ్లీషులో అడిగితే శుభ్రంగా వస్తుంది. తెలుగులో అడిగితే మాత్రం మాటమాటకీ నల్ల వజ్రంలో ప్రశ్న గుర్తు. విచిత్రమేంటంటే లాగ్‌లో పడిన పూర్తి జవాబులో అలాంటిది ఒక్కటీ లేదు. రెండు రోజులుగా తల పట్టుకున్నా.

జవాబు 1:
ఫాంట్ సమస్యేమో. హెడర్‌లో యూటీఎఫ్-8 (అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి) అని పెట్టారా?

ప్రశ్న అడిగినవారు:
పెట్టానండీ. ఫాంట్లు కూడా మూడు మార్చా. అదే వరస.

జవాబు 2:
ఫాంట్ జోలికి పోకండి. ఫాంట్ లేకపోతే ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి. వజ్రం వచ్చిందంటే ఎక్కడో బైట్లు తెగాయనే. లాగ్ బాగుందన్నారు చూశారా, గుట్టంతా అక్కడే ఉంది: మొత్తం ఒకేసారి డీకోడ్ చేస్తే బాగుంటోంది, టోకెన్‌కి టోకెన్ విడిగా చేస్తే పాడవుతోంది.

"త" తీసుకోండి. యూటీఎఫ్-8లో అది మూడు బైట్లు: 224, 176, 164. దాని మీది ఎత్వం ఇంకో మూడు: 224, 177, 134. "తెలుగు" అనే మాట కంటికి మూడక్షరాలు, యూనికోడ్ లెక్కలో ఆరు కోడ్‌పాయింట్లు (అక్షరానికీ గుణింతపు గుర్తుకీ విడివిడిగా ఇచ్చే సంఖ్యలు), డిస్కు మీద 18 బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి ఒకటే బైటు కాబట్టి అక్కడ తెగడానికేమీ లేదు.

మీ టోకెనైజర్ (రాతని టోకెన్లుగా విడగొట్టేది) బైట్ల మీద నడిచే బీపీఈ, అంటే బైట్ పెయిర్ ఎన్‌కోడింగ్, అయ్యుంటుంది (2019 నాటి జీపీటీ-2 ఈ రకమే). తరచుగా పక్కపక్కన కనిపించే జంటల్ని అది అతికిస్తూ పోతుంది. తెలుగు అక్షరం ఏదైనా సరే 224తో మొదలవుతుంది, రెండోది 176 గానీ 177 గానీ. అంచేత మొదటి రెండూ ఒక టోకెన్‌లో, మూడోది పక్క టోకెన్‌లో పడే అవకాశం ఎక్కువ. బీపీఈ 1994లో ఫైళ్లు కుదించడానికి పుట్టిన ఉపాయం మరి, అక్షరం తెగితే దానికేం పట్టింది!

టోకెన్ నుంచి నేరుగా బైట్లు తీసుకుని పైథాన్ కోడెక్స్‌లోని ఇంక్రిమెంటల్ డీకోడర్‌కి ఇవ్వండి. సగం అక్షరాన్ని అది తన దగ్గరే అట్టిపెట్టుకుని, మిగతా సగం వచ్చాకే బయటికిస్తుంది. బైట్లు తీసే దారి లేకపోతే టోకెన్లు పోగేసి ప్రతిసారీ మొత్తం డీకోడ్ చేయండి, చివర వజ్రం ఉంటే ఆ విడత పంపకుండా ఆపండి.

ప్రశ్న అడిగినవారు:
డీకోడర్ పెట్టగానే వజ్రాలు పోయాయి! కానీ ఇద్దరు ఒకేసారి అడిగితే మళ్లీ వస్తున్నాయి.

జవాబు 2:
డీకోడర్‌ని ఫైలు పైన ఒక్కసారే తయారుచేసి అందరికీ వాడుతున్నారా? ఒకరి సగం అక్షరం ఇంకొకరి జవాబులో కలుస్తుంది. నేనూ ఇలాగే చేసి ఒక రాత్రంతా పోగొట్టుకున్నా. ప్రతి జవాబుకీ కొత్తది తీసుకోండి.

జవాబు 3:
ఇంకోటి. వజ్రాలు పోయినా "క్ష" ముందు "క్"గా కనిపించి తర్వాత మారుతుంది. అది తప్పు కాదు, మూడు కోడ్‌పాయింట్లు (క, పొల్లు, ష) ఒక్కొక్కటే వస్తున్నాయంతే. ఆ మిణుకు వద్దనుకుంటే గ్రాఫీమ్ క్లస్టర్ (కంటికి ఒకే అక్షరంగా కనిపించే గుంపు) పూర్తయ్యేదాకా ఆగండి. లైబ్రరీ మాత్రం యూనికోడ్ 15.1 (2023) గానీ ఆ తర్వాతది గానీ పాటించేదై ఉండాలి. అంతకు ముందు నియమాల్లో తెలుగు సంయుక్తాక్షరం పొల్లు దగ్గరే రెండుగా విరిగేది.

ప్రశ్న అడిగినవారు:
అవును, అందరికీ ఒకటే డీకోడర్! మార్చాక కుదిరింది. టోకెన్ల పరిమితి దాటి జవాబు ఆగిపోతే చివర మిగిలే సగం అక్షరాన్ని పారేస్తున్నా, పర్లేదుగా?

జవాబు 2:
పారేయండి. దాన్ని పూర్తిచేసే బైటు ఇక రాదు.