బాధపెట్టిన తాతతో కూడా ఆధ్యాత్మిక బంధం పెట్టుకోవాలా?

చిన్నమనవడు:
ధ్యానం క్లాసులో ఒక సాధన చెప్పారు. కళ్ళు మూసుకుని అమ్మ, నాన్న, అమ్మమ్మ, తాతయ్య... ఇలా వెనక్కి వెళ్తూ ఒక్కొక్కరినీ తలచుకుని మనసులోనే దండం పెట్టుకోవాలి. నాన్నవాళ్ళ నాన్న దగ్గరికి వచ్చేసరికి నా వల్ల కాలేదు. ఆయన నానమ్మని కొట్టేవాడు. ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు. ఆ మాటే చెబితే గురువుగారు, "ఆయన్ని వదిలేస్తే వంశధార తెగిపోతుంది, నీ పనులకి ఆటంకాలొస్తాయి" అన్నారు. అప్పట్నించీ ఒకటే టెన్షన్. నమ్మేవాళ్ళూ నమ్మనివాళ్ళూ మొహమాటం లేకుండా చెప్పండి.

తూర్పుగాలి:
నేను నమ్మేదాన్నే. పేరు తలచుకోవడం అంటే మెచ్చుకోవడం కాదండీ. ఉత్తర ఘానాలోని తాలెన్సీ ప్రజల మధ్య 1930లలో ఉండి వచ్చిన మేయర్ ఫోర్టిస్ అనే మానవశాస్త్రవేత్త ఒక సంగతి రాశారు. అక్కడ మనిషి పూర్వీకుడయ్యేది మంచివాడైనందుకు కాదు, వెనక సంతానాన్ని వదిలి వెళ్ళినందుకు. తండ్రి ఎలాంటివాడైనా కొడుకు మొక్కాల్సిందే. వినడానికి కష్టంగా ఉన్నా నాకు అందులో న్యాయం కనిపిస్తుంది. ఆయన గుణం మంచిది కాదని మీరు ఆయన మనవడు కాకుండా పోరు కదా. నేనైతే పేరుతో పాటు చేసిన తప్పు కూడా పైకి అంటాను. "ఇది నువ్వు చేశావు, నా దగ్గర ఆగిపోతుంది" అని. దండం అక్కర్లేదు.

లెక్కలపంతులు:
ముందు ఆ ఆటంకాల బెదిరింపు సంగతి చూద్దాం. పది తరాలు వెనక్కి వెళ్తే వంశవృక్షంలో 1,024 స్థానాలుంటాయి. ఇరవై తరాలకి పది లక్షలు దాటుతుంది, ముప్ఫైకి నూరు కోట్లు దాటుతుంది. అప్పటికి భూమ్మీద అంతమంది జనమే లేరు. అంటే ఒకే మనిషి ఆ వృక్షంలో నాలుగైదు చోట్ల తేలతాడన్నమాట. వీళ్ళలో భార్యల్ని కొట్టినవాళ్ళు, దొంగలు, హంతకులు ఎంతమంది ఉంటారో మీరే ఊహించుకోండి. ఒక్క దండం తగ్గితే తెగిపోయే ధార అయితే ఏనాడో తెగిపోవాలి. "రక్తంలోనే ఉంది" అనేవాళ్ళకి ఇంకో మాట. పది తరాల వెనకటి ఫలానా మనిషి డీఎన్‌ఏ మనలో ఒక్క ముక్క కూడా లేకపోవచ్చు.

తూర్పుగాలి:
తాత అంటే రెండు తరాలే పంతులుగారూ, ఆయన డీఎన్‌ఏ దాదాపు పావు వంతు ఉంటుంది. భయం కూడా తరాలు దాటుతుందని ఎలుకల మీద చూపించారు కదా?

లెక్కలపంతులు:
చూపించారు. డయాస్, రెస్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు, 2013 చివర్లో. ఒక వాసన వచ్చినప్పుడల్లా మగ ఎలుకలకి షాక్ ఇచ్చారు. ఆ వాసన ఎన్నడూ ఎరగని వాటి పిల్లలూ, ఆ పిల్లల పిల్లలూ దానికి మామూలు కన్నా ఎక్కువ ఉలిక్కిపడ్డాయి. బాగానే ఉంది. అక్కణ్ణించి "నీ ప్రమోషన్ ఆగడానికి మీ తాత కారణం" దాకా దూకితే మాత్రం కాళ్ళు విరుగుతాయి.

నడిరేయి:
నాది కౌన్సెలింగ్ పని. చనిపోయినవారి మీద మమకారాన్ని మనసు కొంచెం కొంచెంగా వెనక్కి తీసుకోవడమే శోకం చేసే పని అని 1917లో మనోవిశ్లేషణకి ఆద్యుడైన ఫ్రాయిడ్ రాశారు. 1920లో ఆయన కూతురు సోఫీ పోయింది. 1929లో, ఆమె ఉంటే 36 ఏళ్ళు నిండేవన్న రోజు, కొడుకుని పోగొట్టుకున్న స్నేహితుడికి ఉత్తరం రాస్తూ, ఆ ఖాళీని ఏదీ పూడ్చలేదని, అలా ఉండిపోవడమే సరైనదని ఒప్పుకున్నారు. పోయినవారితో బంధం కొనసాగడం జబ్బు కాదని క్లాస్, సిల్వర్‌మన్, నిక్‌మన్ అనే పరిశోధకులు 1996లో ఒక పుస్తకమే తెచ్చారు. తర్వాతి పరిశోధనల్లో తేలింది, ఆ బంధం కొందరికి ఓదార్పు, కొందరికి పాత పుండు కెలకడం. మీకు సాధన తర్వాత స్థిమితం రావాలి. టెన్షన్ వస్తోందంటున్నారు. ఆ భాగం ఆపేయండి, గురువుగారు ఏమన్నా సరే.

అక్షర:
ఒకటి అడగనా. కొట్టినవాడికి దండం పెట్టమన్న గురువుగారు దెబ్బలు తిన్నావిడ గురించి ఒక్క మాటైనా అన్నారా? ఇక్కడ ఇంత చర్చ జరిగింది, నానమ్మ ఊసే లేదు.

చిన్నమనవడు:
అనలేదు. నేనూ ఆలోచించలేదు. నిన్న బీరువాలో పాత కాగితాలు తీశాను. నానమ్మ పేరు మీదున్న స్థలం అమ్మిన దస్తావేజు ఒకటి దొరికింది. తాత సంతకం కింద గీత గీసి మరీ ఉంది, పెద్దగా. పక్కన నానమ్మది నీలం సిరా వేలిముద్ర, ఒక అంచు అలుక్కుపోయింది. నానమ్మకి చదవడం, రాయడం వచ్చు. నాకు అక్షరాలు దిద్దించింది ఆవిడే. మరి వేలిముద్ర ఎందుకు వేయించారు?

తూర్పుగాలి:
ఇకనుంచి ఆ వేలిముద్ర ఎదురుగా పెట్టుకుని కూర్చోండి. కానీ తాతని పూర్తిగా తీసేయొద్దు. ఆ కాగితం మీద ఇద్దరూ ఉన్నారు.

అక్షర:
తీసేస్తే ఏమవుతుంది? బతికున్నప్పుడు ఆవిడకి ఎలాగూ ఆయన్ని తప్పించుకునే వీల్లేదు. మనవడి ధ్యానంలోనైనా ఒక్కత్తినీ ఉండనివ్వండి.

తూర్పుగాలి:
ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు. అయినా నా పద్ధతి మార్చుకోను.

లెక్కలపంతులు:
నాకైతే ఇది ఆధ్యాత్మికం కంటే చరిత్రలా ఉంది, తప్పేం లేదు. అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో డ్యూక్, ఫైవుష్ అనే మనస్తత్వవేత్తలు పిల్లల్ని ఇరవై ప్రశ్నలు అడిగారు. అమ్మానాన్నలు ఎలా కలిశారు, ఇంట్లో నువ్వు ఎవరి పోలిక, ఇలాంటివి. కుటుంబం సంగతులు ఎక్కువ తెలిసిన పిల్లలకి ఆత్మవిశ్వాసం ఎక్కువగా కనిపించింది. తెలియడం వల్లే వచ్చిందా, లేక మాట్లాడుకునే ఇళ్ళు మామూలుగానే బాగుంటాయా అనేది వేరే సంగతి.

చిన్నమనవడు:
మేనత్తకి ఫోన్ చేశాను. వేలిముద్ర మాట ఎత్తగానే కాసేపు మాట్లాడలేదు. "ఫోన్‌లో వద్దురా, ఇంటికి రా, చెప్తాను" అంది. ఆదివారం వెళ్తున్నాను. ఏం అడగాలో తెలియడం లేదు.

నడిరేయి:
ప్రశ్నల చిట్టా పట్టుకెళ్ళకండి. ఆవిడ ఎక్కడ మొదలుపెడితే అక్కణ్ణించి వినండి. ఆవిడకి ఆయన తండ్రి, అది గుర్తుంచుకోండి.

లెక్కలపంతులు:
వెళ్ళేలోపు దస్తావేజు తేదీ, సాక్షుల పేర్లు చూడండి. సాక్షుల్లో ఎవరైనా ఇంకా ఉంటే వాళ్ళనీ కలవొచ్చు.