హుయిన్, హ్వాంగ్ ఒకే ఇంటిపేరా? తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. నేను వియత్నాంలోని హో చి మిన్ సిటీలో ఉద్యోగం చేస్తున్నాను. నా పక్క సీట్లో కూర్చునే అక్క ఇంటిపేరు హుయిన్. మనలాగే వాళ్లకీ ఇంటిపేరే ముందొస్తుంది, పెళ్లయినా ఆడవాళ్లు పుట్టింటి ఇంటిపేరే ఉంచుకుంటారు. ఇది నాకు ఎంతో నచ్చింది.

మొన్న వాళ్లింటికి భోజనానికి వెళ్తే, పూర్వీకుల పీఠం మీద అగరుధూపానికి నల్లబడిన చెక్కపలక చూపించింది. దాని మీద పసుపు రంగు అనే అర్థమున్న చైనా అక్షరం ఒక్కటే ఉంది. వియత్నాం ఉత్తరాదిన హ్వాంగ్ ఇంటిపేరు వాళ్లు రాసేదీ ఆ అక్షరమేనట!

నేను చదివినంతలో, 1558లో మధ్య వియత్నాంలోని థువాన్ హ్వా ప్రాంతాన్ని ఏలడానికి వెళ్లిన న్గుయెన్ హ్వాంగ్ అనే ప్రభువు పేరు పలకకూడదని, ఆయన వంశం ఏలిన దక్షిణాదిన జనం హ్వాంగ్‌ని హుయిన్‌గా మార్చేశారు. 1946లో వియత్నాం తాత్కాలిక అధ్యక్షుడిగా చేసిన హుయిన్ థుక్ ఖాంగ్‌ది కూడా ఆ వైపు క్వాంగ్ నామ్ ప్రాంతమే.

కానీ చైనా నుంచి వలస వచ్చిన కుటుంబాలూ ఈ అక్షరమే వాడతాయి కదా. మరి అక్కావాళ్లు ఉచ్చారణ మార్చుకున్న వియత్నాం వాళ్లా, చైనా నుంచి వచ్చినవాళ్లా అన్నది ఎలా తేల్చాలి? వాళ్ల వంశావళి పుస్తకం యుద్ధకాలంలో పోయింది. సమాధి రాళ్ల మీద సొంతూరి పేరు చెక్కుతారని విన్నాను, అది ఆధారంగా పనికొస్తుందా? వియత్నామీస్ గానీ చైనీస్ గానీ చదవగలిగినవాళ్లు దయచేసి చెప్పండి. వాళ్ల నాన్నగారికి ఎనభై దాటాయి, ఆయన ఉండగానే తెలుసుకోవాలని అక్క ఆరాటం.