సోమవారం సాయంత్రం నలుగురం కలిసి కూర్చోవడం కూడా డ్యూటీ అయిపోయింది. ఏది వదులుకోవాలి?

కూర్మన్నపాలెం అమ్మ:

అందరికీ నమస్కారం. మావారు స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టు డ్యూటీ, నేను ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను. పాప ఇంటర్ ఫస్టియర్, బాబు ఆరో తరగతి. మేం కడవరి దిన పరిశుద్ధుల సంఘం సభ్యులం. బయట అందరూ మోర్మన్లు అంటారు కాబట్టి అర్థం కావడానికి ఆ మాటే రాస్తున్నాను. 2009లో మావారూ నేనూ ఒకే రోజు బాప్తిస్మం తీసుకున్నాం. మతం గురించి వాదన పెట్టుకోవడానికి రాయట్లేదు. నా బాధంతా టైము గురించే.

తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క. మా బ్రాంచ్‌లో, అంటే మా ఊరి చిన్న సంఘంలో, జీతం తీసుకునే పాస్టరు ఉండడు. బ్రాంచ్ ప్రెసిడెంట్ కూడా పొద్దున లేచి ఉద్యోగానికి పోయే మనిషే. ప్రసంగాలు, పిల్లల క్లాసులు, పుస్తకాల లెక్కలు, హాలు ఊడవడం, కుర్చీలు సర్దడం అన్నీ సభ్యులే చేసుకోవాలి. ఒక్కొక్కరికి అప్పజెప్పే పనిని కాలింగ్ అంటాం. మా అమ్మ అనకాపల్లిలో బాప్టిస్టు చర్చికి వెళ్తుంది. మొదటిసారి మా మీటింగుకి వచ్చినప్పుడు, ‘అన్నీ మీరే చేసుకుంటే మీకు వాక్యం వినే తీరికెక్కడిదే?’ అని అడిగింది. అప్పుడు నవ్వేశాను. ఇప్పుడు ఆ మాట రాత్రుళ్ళు గుర్తొస్తోంది.

చిన్న బ్రాంచ్ కదా, తలా రెండు మూడు పనులు మీద పడతాయి. నేను ప్రైమరీ, అంటే చిన్నపిల్లల క్లాసులు చూస్తాను. పాటల బృందంలో ఉన్నాను. కార్యక్రమాలప్పుడు వంటలు చూసుకునేదీ నేనే. ఇవి కాక మినిస్టరింగ్ కింద ముగ్గురు సిస్టర్స్ బాగోగులు కనుక్కోవాలి. ఒకామెది పెదగంట్యాడ, ఒకామెది అగనంపూడి, ఇంకొకామెది మల్కాపురం. మావారు బ్రాంచ్ ప్రెసిడెంట్‌కి కౌన్సిలర్, అంటే సహాయకుడు. పాపకి పొద్దున్న అయిదున్నరకి ఆన్‌లైన్‌లో సెమినరీ క్లాసు, అంటే టీనేజి పిల్లలకి లేఖనాల పాఠం, నాలుగేళ్ళ కోర్సు. ఆరూ నలభై అయిదుకి కాలేజీ బస్సు. మళ్ళీ ఇంటికి చేరేది రాత్రి ఎనిమిదికి.

ఆదివారం మీటింగు రెండు గంటలే. కానీ మావారికి శనివారం సి షిఫ్టు పడిందంటే ఆదివారం పొద్దున్న ఆరింటికి దిగుతారు. స్నానం చేసి, తెల్లచొక్కా వేసుకుని ఎనిమిదిన్నర కౌన్సిల్ మీటింగుకి పరుగు. ఆ చొక్కా నేను ముందురోజే ఇస్త్రీ చెయ్యాలి. ఆదివారం ఏదీ కొనం కాబట్టి సాక్రమెంట్‌కి (మా ప్రభువు బల్ల ఆచారం) బ్రెడ్డు, కూరలు, పాలు అన్నీ శనివారమే తెచ్చిపెట్టుకోవాలి. మీటింగ్ అయ్యాక పాటల ప్రాక్టీసు, ఎవరో ఒకరు మాట్లాడాలంటారు, ఇల్లు చేరేసరికి మూడు. నెలలో మొదటి ఆదివారం ఉపవాసం కూడా ఉంటుంది. విశ్రాంతి దినమని పిల్లలకి నేనే పాఠం చెప్తాను. చెప్తూ ఉంటే నాకే గొంతులో ఏదో అడ్డం పడుతోంది.

అసలు విషయం ఇది. సోమవారం సాయంత్రం మాకు ఫ్యామిలీ హోమ్ ఈవెనింగ్ ఉంటుంది. ఇంటిల్లిపాదీ కూర్చుని పాట, ప్రార్థన, చిన్న పాఠం, తినడానికి ఏదైనా. మొన్న మావారికి బి షిఫ్టు. పదికి డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి పదిన్నర దాటింది. బాబు సోఫాలో పడి నిద్రపోయాడు. పాప ఫిజిక్స్ రికార్డు మీద తల పెట్టుకుని ఉంది. చేతిలో పెన్ను అలాగే ఉంది, మూత లేదు, సిరా చుక్క కాగితం మీద రూపాయి బిళ్ళంత పరుచుకుంది. నేను ఇద్దర్నీ లేపాను. ‘అయిదు నిమిషాలు, గబగబా చేసేద్దాం’ అన్నాను. బాబు కళ్ళు మూసుకునే వచనం చదివాడు. అయిపోయాక పాప ఆ సిరా మరక వైపు చూస్తూ, ‘అమ్మా, ఇది కూడా అటెండెన్సేనా?’ అంది. కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. ప్రతి పనికీ నేనే సరే అన్నాను, ప్రతిదీ మంచి పనే. అన్నీ కలిపితే మాత్రం ఇంట్లో నలుగురం ఊరికే కూర్చుని మాట్లాడుకునే గంట మిగలట్లేదు. కుటుంబమే ముఖ్యమని నమ్మే చర్చి మాది. కాలింగ్‌కి కాదంటే దేవుడికి కాదన్నట్టేనా? ఇలాంటి పరిస్థితి నుంచి బయటపడ్డవాళ్ళు దయచేసి చెప్పండి.

పెదవాల్తేరు పెద్దాయన:

అమ్మా, నేను పోర్టులో చేసి రిటైరయ్యాను. వేరే ఊళ్ళో ఉన్నప్పుడు కొన్నేళ్ళు బ్రాంచ్ ప్రెసిడెంట్‌గా పనిచేశాను. ముందు నీ చివరి ప్రశ్నకి జవాబు. కాదు. కాలింగ్ నుంచి విడుదల అడగడం తప్పు కాదు. నేను ఆ కుర్చీలో ఉన్నప్పుడు, ఇంట్లో పరిస్థితి ఇదీ అని వచ్చి చెప్పినవాళ్ళ మీద నాకు గౌరవమే పెరిగింది. చెప్పకుండా నలిగిపోయి ఒకరోజు అసలు రావడమే మానేసినవాళ్ళని తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. వాళ్ళ మొహం చూసి నేనే కనిపెట్టి ఉండాల్సింది.

నీకు కొంచెం పాత సంగతి చెప్పాలి. ఇంట్లో సాయంత్రం కూర్చోమని సంఘ నాయకులు ఉత్తరం రాసింది 1915లో, జోసెఫ్ ఎఫ్. స్మిత్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు. 1970లో దానికి సోమవారం ఖాయం చేశారు. ఎందుకో తెలుసా? ఆ సాయంత్రం చర్చి మీటింగులేవీ పెట్టకుండా ఇంటికి వదిలెయ్యడానికి. అంటే అది చర్చి మీ దగ్గర తీసుకునే గంట కాదమ్మా, మీకు వదిలిపెట్టిన గంట. పాట ఉందా, పాఠం పూర్తయిందా అని లెక్క చూసేవాళ్ళు ఎవరూ లేరు.

ఆదివారం సంగతీ అంతే. 1980 నుంచి ఆదివారం మీటింగులు మూడు గంటలు ఉండేవి. 2019 జనవరి నుంచి రెండు గంటలు చేశారు. ఆ మిగిలిన గంట ఇంట్లో గడపాలని. మన బ్రాంచుల్లో ఏం చేశాం? ఆ గంటలోకి ప్రాక్టీసులూ మీటింగులూ తెచ్చి కుక్కాం. ఈ తప్పు నాది కూడా.

మినిస్టరింగ్ విషయంలో నువ్వు ఇంకా పాత పద్ధతిలోనే భారం మోస్తున్నావేమో అనిపిస్తోంది. నెల నెలా ఇంటికెళ్ళి పాఠం చెప్పి లెక్క అప్పజెప్పే పద్ధతి 2018 ఏప్రిల్‌లోనే తీసేశారు. మల్కాపురం సిస్టర్‌కి ఒక ఫోన్ చెయ్యి. ఆమెకి ఒంట్లో బాగోలేనప్పుడు చారు పట్టుకెళ్ళు. అదే మినిస్టరింగ్. పాపకి సెమినరీ కూడా ఇంటి దగ్గరే సొంతంగా చదువుకుని వారానికోసారి టీచర్ని కలిసే పద్ధతిలో కుదురుతుందేమో అడుగు. పదహారేళ్ళ పిల్లకి నిద్ర కావాలి.

మన మోర్మన్ గ్రంథంలో మోషైయ 4:27 తీసి మీవారూ నువ్వూ కలిసి చదవండి. శక్తికి మించి పరుగెత్తమని దేవుడు అడగట్లేదని అందులో స్పష్టంగా ఉంది. శ్రద్ధగా ఉండమనీ ఉంది, అది కూడా చదవండి. 2007 అక్టోబర్ మహాసభలో, అప్పట్లో సంఘ అపొస్తలుల్లో ఒకరైన డాలిన్ హెచ్. ఓక్స్ ఇదే విషయం మీద మాట్లాడారు. ఒక పని మంచిదైనంత మాత్రాన అది మనం చేసి తీరాలని లేదన్నారు. ఆ మాట విన్నప్పుడు నా వయసు యాభై దాటింది. మా అబ్బాయి అప్పటికే ఇల్లు వదిలి వేరే ఊరు వెళ్ళిపోయాడు. వాడు టెన్త్‌లో ఉండగా ఒక సంవత్సరం మొత్తం వాడితో కలిసి ఒక్క ఆదివారం కూడా నేను మధ్యాహ్నం భోజనం చెయ్యలేదు. ఈ సంగతి వాడే చెప్పాడు, నాకు గుర్తు కూడా లేదు.

రుషికొండ నుంచి:

అక్కా, నేను మీ పాప లాంటి ఇంట్లోనే పెరిగాను. మా నాన్నగారు బ్రాంచ్ పనుల్లో, అమ్మ రిలీఫ్ సొసైటీలో, అంటే సంఘంలోని ఆడవాళ్ళ బృందంలో. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చర్చికి వెళ్తూనే ఉన్నాను.

నిజం చెప్పాలంటే చిన్నప్పటి సోమవారం పాఠాల్లో నాకు ఒక్కటీ గుర్తులేదు. గుర్తున్నది ఇంకొకటి. మీటింగ్ అయ్యాక నాన్న తాళాలు వేసి వచ్చేదాకా మేం మెట్ల మీద కూర్చునేవాళ్ళం. అమ్మ స్టీలు డబ్బా మూత తీసేది, చల్లారిపోయిన పులిహోర. మేం ముగ్గురం ఒకే డబ్బాలో చేతులు పెట్టి తినేవాళ్ళం. అమ్మ వేరుశనగ గుళ్ళు ఏరి తమ్ముడి వైపు తోసేది. ఆ పదినిమిషాలు అమ్మ చేతిలో పుస్తకం ఉండేది కాదు, ఫోన్ ఉండేది కాదు. నేను ఈ విశ్వాసంలో నిలబడ్డానంటే ఆ మెట్ల వల్లే అని నా నమ్మకం.

మీ పాపని సెమినరీ గురించి మీరే నిర్ణయించకుండా ఒకసారి అడగండి. నాకైతే పొద్దున్న క్లాసు ఇష్టంగానే ఉండేది. రోజు మొత్తంలో మార్కుల గురించి మాట్లాడనిది ఆ ఒక్క క్లాసే. తనకి బరువుగా ఉన్నది వేరేదేమో.

గోపాలపట్నం శ్రీను:

మేం హిందువులం, మీ పద్ధతులు నాకు అంతగా తెలీవు. తప్పుగా రాస్తే క్షమించండి మేడం. మా ఇంట్లో సింహాచలం అప్పన్న అంటే ప్రాణం. ఆషాఢ పౌర్ణమికి గిరి ప్రదక్షిణ, కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడుస్తాం. కాళ్ళు బొబ్బలెక్కుతాయి, అయినా ఎవరూ విసుక్కోరు. కారణం ఏంటంటే అది ఏడాదికి ఒక రాత్రి, నడుస్తున్నంతసేపూ ఇంట్లోవాళ్ళం పక్కపక్కనే ఉంటాం. మీరు రాసింది చదివితే మీ నలుగురూ దేవుడి పని మీదే ఉన్నారు, కానీ నలుగురూ నాలుగు చోట్ల ఉన్నారు. నాకు అదే కష్టమనిపించింది. కలిసి చేసే పనులు ఉంచుకుని, విడదీసేవి తగ్గించుకోలేరా?

కూర్మన్నపాలెం అమ్మ:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. పది రోజులైంది, జరిగింది రాస్తున్నాను.

శ్రీను గారూ, మీ మాట పట్టుకుని మావారూ నేనూ ఒక కాగితం మీద పనులన్నీ రాశాం. కలిసి చేసేవి ఒక పక్క, విడదీసేవి ఒక పక్క. కలిసి చేసేవి మూడే తేలాయి. మావారు చాలాసేపు ఆ కాగితం చేతిలో పట్టుకుని కూర్చున్నారు.

పెద్దాయన గారూ, మీరు చెప్పినట్టే బ్రాంచ్ ప్రెసిడెంట్ గారి దగ్గరికి వెళ్ళాం. నాకు చేతులు వణికాయి. ఆయన అంతా విని, ‘సిస్టర్, మా ఇంట్లో కూడా ఇదే నడుస్తోంది’ అన్నారు. ప్రైమరీ నేను వదల్లేదు, ఆ పిల్లలంటే నాకు ఇష్టం. వంటల బాధ్యత, పాటల బృందం నుంచి విడుదల చేశారు. కౌన్సిల్ మీటింగు నెలలో రెండు వారాలు ఫోన్‌లో పెట్టుకుందామని, అది కూడా శనివారం రాత్రి తొమ్మిది లోపేనని ఆయనే అన్నారు. సి షిఫ్టు ఆదివారాలు మావారు రెండు గంటలైనా పడుకుని వస్తారు.

సెమినరీ గురించి పాపని అడిగాను. రుషికొండ చెల్లీ, నువ్వన్నదే నిజం. అది మానను అంది.

ఈ సోమవారం మావారికి ఎ షిఫ్టు, రెండున్నరకల్లా ఇంట్లో ఉన్నారు. పాపని కాలేజీ నుంచి తొందరగా తీసుకొచ్చాం. పుస్తకం తియ్యలేదు. అప్పికొండ బీచ్‌కి వెళ్ళి ఇసకలో కూర్చున్నాం. బాబు మొక్కజొన్న పొత్తు తింటూ, వచ్చే ఏడాది తను సాక్రమెంట్ పళ్ళెం పట్టుకునేటప్పుడు జారిపోతే ఏం చెయ్యాలని వాళ్ళ నాన్నని అడిగాడు. చెప్పు మీద చిప్పలు పేర్చి ఇద్దరూ ప్రాక్టీసు చేశారు. చీకటి పడ్డాక పాప, ఎవరివైపూ చూడకుండా, మూడు నెలలుగా మధ్యాహ్నం బాక్సు తినట్లేదని చెప్పింది. ఆ టైములో టెస్టు తప్పులు దిద్దుకోవాలట. తిరిగి వచ్చేటప్పుడు ఆ అన్నం ఎవరికో ఇచ్చేస్తోందట. రోజూ ఖాళీ బాక్సు కడుగుతూ బాగా తింటోందని సంతోషపడ్డాను నేను. మావారు దాని తల మీద చెయ్యి వేసి అలాగే ఉంచారు. ప్రార్థన అక్కడే చేసుకున్నాం, బాబు చేశాడు. అక్క బాక్సు తినాలని అడిగాడు.

ఇంకొక్క విషయం తెగలేదు. కాలేజీలో నెలకి రెండు ఆదివారాలు పొద్దున్న తొమ్మిది నుంచి పన్నెండు వరకు టెస్టు పెడుతున్నారు, సరిగ్గా మా మీటింగ్ టైము. మీ పిల్లలకి ఎవరికైనా సోమవారం రాసుకునే వీలు ఇచ్చారా? ప్రిన్సిపాల్ గారికి ఉత్తరం రాశారా, వెళ్ళి మాట్లాడారా? శుక్రవారం వెళ్దామనుకుంటున్నాం.