‘గ్రెగోరియన్’ అంటే ఏ గ్రెగరీ? పాత తేదీలకు ఆ మాట చెల్లుతుందా?

ప్రశ్న: గ్రెగోరియన్ గానం (కాథలిక్ చర్చి ప్రార్థనల్లో పాడేది), గ్రెగోరియన్ క్యాలెండర్ రెండూ ఒకే పోపు పేరు మీదివేనాండీ? శాసనాల తేదీలను కూడా ‘గ్రెగోరియన్ తేదీ’ అని రాస్తున్నారు, అది సరేనా?

జవాబు: ఒకరు కాదండీ. గానం మొదటి గ్రెగరీ (590–604) పేరు మీదిది. క్యాలెండర్ పదమూడో గ్రెగరీది (1572–85). ట్రెంట్ మహాసభ (16వ శతాబ్దపు కాథలిక్ చర్చి సంస్కరణ సభ) తీర్మానాలను పట్టుబట్టి అమలు చేసినవాడు ఈయనే. రోములోని గ్రెగోరియన్ విశ్వవిద్యాలయం పేరూ ఈయనదే. అంతకుముందున్న జూలియన్ (జూలియస్ సీజర్ నాటి) లెక్కలో వసంత విషువత్తు, అంటే పగలూ రాత్రీ సమానమయ్యే రోజు, మార్చి 21 నుంచి 11కి జారిపోయి, దాన్ని బట్టి లెక్కకట్టే ఈస్టర్ గతి తప్పింది. ఇటలీ వైద్యుడు లిలియస్ వేసిన కొత్త లెక్కను గణితజ్ఞుడు క్లావియస్ సరిచూసి వివరించాడు. 1582 అక్టోబరు 4 గురువారం, ఆ మర్నాడే అక్టోబరు 15 శుక్రవారం. పది తేదీలు ఎగిరిపోయాయి గానీ వారం తెగలేదు. అసలు కీలకం ఇదే. ఇకపై శతాబ్ది సంవత్సరం 400తో భాగిస్తే తెగితేనే లీపు: 1600, 2000కు ఉంది, 1700, 1800, 1900కు లేదు.

మరో జవాబు: వారం తెగలేదన్నారు కదా, శాసనాల దగ్గర పనికొచ్చేది అదే. తుమకూరు జిల్లా హొన్నేనహళ్ళి కన్నడ శాసనం ప్రకారం శ్రీకృష్ణదేవరాయల మరణం 1529 అక్టోబరు 17, ఆదివారం, చంద్రగ్రహణం. ఆ తేదీని కంప్యూటర్లో కొడితే గురువారం అని వస్తుంది! చాలా ప్రోగ్రాములు గ్రెగోరియన్ సూత్రాన్నే 1582కు వెనక్కి కూడా సాగదీస్తాయి మరి. శాసనం తప్పు కాదు. పది రోజులు కలిపి అక్టోబరు 27 అని కొట్టండి, ఆదివారమూ పౌర్ణమీ రెండూ కుదురుతాయి. అయితే ఆ 10 అన్ని కాలాలకూ కాదు: 1400 మార్చి నుంచి 1500 ఫిబ్రవరి దాకా 9, ఆ తర్వాత 1700 దాకా 10. కాబట్టి ‘1529 అక్టోబరు 17 (జూలియన్)’ అని రాయాలి. ఉత్త ‘గ్రెగోరియన్’ అంటే చదివేవాళ్ళు దారి తప్పుతారు.

ఇంకొకరు: 1582 దాటాక కూడా జాగ్రత్త అవసరం. హాలండ్ వెంటనే మారింది, ఇంగ్లండ్ 1752 దాకా ఒప్పుకోలేదు, పోపు ఆజ్ఞ కదా! అందుకే 17వ శతాబ్దపు మచిలీపట్నంలో డచ్చివారి, ఇంగ్లీషువారి కాగితాల్లో ఒకే రోజుకు పది రోజుల తేడా. పైగా ఇంగ్లీషువారికి అధికారికంగా కొత్త ఏడాది మార్చి 25న మొదలు. ఫిబ్రవరి 1639 అని ఉంటే మన లెక్కలో 1640.