బ్యూటేన్ సమీకరణంలో ఆక్సిజన్ ఆరున్నర వస్తోంది, ఇది సరైనదేనా?

నమస్కారమండీ. మాది తిరుపతి, బైరాగిపట్టెడ. మా అమ్మాయి పదో తరగతి. రసాయన సమీకరణాలు తుల్యం చేయమంటే (అంటే రెండువైపులా పరమాణువుల లెక్క సమానం చేయమంటే) చాలు, పుస్తకం మూసేస్తోంది. నేను ఇంటర్ చదివి ఇరవై ఏళ్లయింది. అయినా రాత్రి అన్నాలయ్యాక ఇద్దరం కూర్చుని కుస్తీ పడుతున్నాం.

మెగ్నీషియం మండటం లాంటివి వచ్చేశాయి. సూత్రంలో కింద రాసే అంకెను ముట్టుకోకూడదని కూడా తనకు అర్థమైంది. ఆక్సిజన్ చాలలేదని నీటి సూత్రంలో ఇంకొకటి చేరిస్తే అది నీరు కాదు, హైడ్రోజన్ పెరాక్సైడ్ అవుతుందని చెప్పాను.

చిక్కంతా వంటగ్యాస్‌లో ఉండే బ్యూటేన్ మండే సమీకరణం దగ్గర. ఒక అణువులో నాలుగు కార్బన్లు, పది హైడ్రోజన్లు. అందుకని కుడివైపు కార్బన్ డయాక్సైడ్‌కు 4, నీటికి 5 పెట్టాం. ఆక్సిజన్ పరమాణువులు 8, 5 కలిపి 13. ఎడమవైపు ఆక్సిజన్ జంటగా ఉంటుంది కదా, అంటే ఆరున్నర అణువులు కావాలి! అమ్మాయి అక్కడే ఏడ్చేసింది. చివరికి అన్నిటినీ రెట్టింపు చేసి బ్యూటేన్‌కు 2, ఆక్సిజన్‌కు 13, కార్బన్ డయాక్సైడ్‌కు 8, నీటికి 10 అని రాశాం. లెక్క సరిపోయింది.

ఇలా రెట్టింపు చేయడం సరైన పద్ధతేనా? మధ్యలో ఆరున్నర అని రాస్తే పరీక్షలో మార్కులు తగ్గిస్తారా? ఇంకొకటి, ఐరన్ పైరైటిస్‌ను (ఇనుము, సల్ఫర్ ఉండే ఖనిజం) మండించే సమీకరణంలో కుడివైపు ఐరన్ ఆక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్ రెండింట్లోనూ ఆక్సిజన్ ఉంది. అలాంటప్పుడు దేనితో మొదలుపెట్టాలి?

ట్యూషన్‌లో జవాబులు బట్టీ పట్టమన్నారట. అది నాకు అస్సలు ఇష్టం లేదు, ఎందుకలా వస్తుందో పిల్లకు తెలియాలి. పాఠాలు చెప్పే సార్లు, మేడమ్‌లు ఎవరైనా ఉంటే కాస్త విడమరిచి చెప్పండి. సోమవారమే స్లిప్ టెస్ట్, తనకంటే నాకే టెన్షన్‌గా ఉంది.